ఆస్ట్రేలియా ఎర్రమట్టి రోడ్ల మీద కారవాన్ లాగడం: కాటా నుంచి కడుగుడు దాకా

కొత్తగా కారవాన్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) కొన్న మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "తారు రోడ్డు దిగి లోపలికి తీసుకెళ్లొచ్చా?" తీసుకెళ్లొచ్చు. కాకపోతే పక్కన 'ఆఫ్‌రోడ్' అని స్టిక్కర్ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్నది వరసగా రాస్తున్నాను.

మీ దగ్గర డీజిల్ ఫోర్ బై ఫోర్, 18 నుంచి 20 అడుగుల ఆఫ్‌రోడ్ కారవాన్ ఉన్నాయనుకుంటున్నాను. ఉదాహరణకి సౌత్ ఆస్ట్రేలియాలోని ఊడ్నడాటా ట్రాక్ తీసుకుందాం. కింద చాలా విషయాలున్నా, సగం ఇబ్బందులు రెండింటి దగ్గరే మొదలవుతాయి: బండి బరువు, టైర్లలో గాలి. అందుకే ఆ రెండు భాగాలు పెద్దవి.

1. మొదటిసారికి తగిన దారి ఎంచుకోండి

ఊడ్నడాటా ట్రాక్ మరీ నుంచి మార్లా దాకా సుమారు 620 కిలోమీటర్లు. (ఊరి పేరే 'మరీ', నేను పెట్టింది కాదు.) మధ్యలో విలియం క్రీక్, ఊడ్నడాటా ఉన్నాయి. ఒక్కో మజిలీకీ మధ్య దాదాపు 200 కిలోమీటర్లు, నాలుగు చోట్లా డీజిల్ దొరుకుతుంది. పాత ఘాన్ రైలు మార్గం పక్కనే నడుస్తుంది కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలు లేవు. కౌవర్డ్ స్ప్రింగ్స్ లాంటి చోట రాత్రి ఆగొచ్చు.

ఇది సాఫీగా అయ్యాక 517 కిలోమీటర్ల బర్డ్స్‌విల్ ట్రాక్ వెళ్లండి. తనామీ, గిబ్ రివర్, గ్రేట్ సెంట్రల్ రోడ్లు ఆ తర్వాత.

క్యానింగ్ స్టాక్ రూట్‌కీ, సింప్సన్ ఎడారి ఇసుక దిబ్బలకీ కారవాన్ తీసుకెళ్లొద్దు. వీడియోల్లో ఎవరో వెళ్లారని చూపిస్తారు. అక్కడ ఇరుక్కున్న బండిని బయటికి లాగించడానికయ్యే ఖర్చు వాళ్లు చూపించరు.

2. కాలం, పర్మిట్లు, రోడ్డు రిపోర్టు

మధ్య ఎడారి ప్రాంతాలకి ఏప్రిల్ చివర నుంచి సెప్టెంబర్ దాకా మంచిది. అక్కడి ఎండాకాలంలో (డిసెంబర్ నుంచి ఫిబ్రవరి) 45 డిగ్రీలు దాటడం మామూలే. సింప్సన్ ఎడారిని డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా మూసే ఉంచుతారు. గిబ్ రివర్ లాంటి ఉత్తరాది రోడ్లు వానాకాలంలో నీళ్లలో ఉంటాయి, మే తర్వాతే వాటి గురించి ఆలోచించండి.

గ్రేట్ సెంట్రల్ రోడ్డు ఆదివాసీల భూముల గుండా వెళుతుంది. వెస్టర్న్ ఆస్ట్రేలియా వైపు ఒకటి, నార్తర్న్ టెరిటరీ వైపు ఒకటి, రెండు పర్మిట్లూ ముందే తీసుకోవాలి.

బయల్దేరే ముందు రోజు, మళ్లీ అదే రోజు పొద్దున, రాష్ట్ర ప్రభుత్వ రోడ్డు రిపోర్టు చూడండి. 'మూసివేశారు' అని ఉంటే మూసినట్టే. ఎండలో రాయిలా ఉండే ఆ బంకమట్టి, వాన పడితే వరిమడిలా మారుతుంది. మూసిన రోడ్డు మీద వెళ్తే భారీ జరిమానా పడుతుంది. పైగా మీ చక్రాల గాడులు ఎండాక నెలలపాటు అలాగే ఉండి అక్కడి పశువుల స్టేషన్ల (పెద్ద పశువుల క్షేత్రాల) వాళ్లని ఏడిపిస్తాయి. ఆగడానికి రెండు రోజులు ప్లాన్‌లోనే అదనంగా పెట్టుకోండి.

3. బరువు: బ్రోషర్ కాదు, కాటా చూడండి

'3,500 కిలోలు లాగుతుంది' అని కారు అమ్మేవాళ్లు చెప్పేది నిజమే, కానీ సగం నిజం. మీరు చూడాల్సిన అంకెలు నాలుగు.

- జీవీఎం: కారు, మనుషులు, సామాను, హిచ్ (కారు వెనక కారవాన్ తగిలించే భాగం) మీద పడే కారవాన్ భారం, అన్నీ కలిపి కారు మోయగల గరిష్ఠ బరువు
- జీసీఎం: కారు, కారవాన్ రెండూ కలిపి ఉండగల గరిష్ఠ బరువు
- ఏటీఎం (బ్యాంకుది కాదు): నిండుగా సర్దిన కారవాన్, కారు నుంచి విడదీసినప్పుడు ఉండగల గరిష్ఠ బరువు
- బాల్ వెయిట్: కారవాన్ ముందు భాగం హిచ్ మీద మోపే బరువు

ఒక లెక్క వేద్దాం. కారు ఖాళీ బరువు 2,350 కిలోలు, జీవీఎం 3,200, జీసీఎం 6,000 అనుకోండి. నలుగురు మనుషులు 280 కిలోలు. బుల్‌బార్ (కారు ముందు ఇనుప గార్డు), పనిముట్లు, అదనపు డీజిల్ 250. మొత్తం 2,880. దీనికి బాల్ వెయిట్ 300 కలిపితే 3,180. జీవీఎం లోపలే ఉన్నారు. కారవాన్ 3,000 కిలోలైతే రెండూ కలిపి 5,880, జీసీఎం లోపలే.

ఇప్పుడు డిక్కీలో 25 కిలోల సోనామసూరి బస్తా ఒకటి పెట్టండి. జీవీఎం దాటిపోయారు.

ఇదే కారుకి నిజంగా 3,500 కిలోల కారవాన్ తగిలిస్తే జీసీఎంలో కారుకి మిగిలేది 2,500. ఖాళీ కారే 2,350. అంటే ఇద్దరు మనుషులు, ఒక చిన్న సంచీ. బ్రోషర్‌లో ఈ ముక్క ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

బరువు దాటితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయొచ్చు. ఎగుడుదిగుడు రోడ్డు మీద ఛాసిస్ వంగడం, యాక్సిల్ విరగడం కూడా ఇలాంటి బండ్లకే ఎక్కువ.

కాటా వేయించే పద్ధతి ఇది. నీళ్ల ట్యాంకులు, గ్యాస్, బట్టలు, తిండి అన్నీ సర్దాక, మనుషులతో సహా వేబ్రిడ్జికి వెళ్లండి.

1. తగిలించే ఉంచి, కారు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి తూయండి. ఇది జీవీఎంతో పోల్చాలి.
2. తగిలించే ఉంచి, కారవాన్ చక్రాలు మాత్రమే తూయండి.
3. మొదటి రెండూ కలపండి. ఇది జీసీఎంతో పోల్చాలి.
4. కారు విడదీసి, జాకీ చక్రంతో (విడదీసినప్పుడు కారవాన్ ముందు భాగాన్ని మోసే చిన్న చక్రం) సహా కారవాన్ మొత్తం తూయండి. ఇది ఏటీఎంతో పోల్చాలి.
5. నాలుగో అంకె లోంచి రెండోది తీసేయండి. మిగిలింది మీ బాల్ వెయిట్. ఇది కారవాన్ బరువులో దాదాపు 10 శాతం ఉండాలి, కారుకి, హిచ్‌కి రాసిన పరిమితి దాటకూడదు.

4. సామాను సర్దడం: ఎద్దుబండి సూత్రం

ఊళ్లో బండికి గడ్డి ఎత్తినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది. కారవాన్‌కీ అంతే. వెనక భారమైతే 90 కిలోమీటర్ల వేగంలో తోక ఊపడం మొదలుపెడుతుంది. ముందు మరీ భారమైతే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది.

బరువైనవన్నీ కింద నేల మీదే, యాక్సిల్‌కి సరిగ్గా పైన వచ్చేలా. తేలికవి పై అరల్లో. వెనక బంపర్ మీద రెండు సైకిళ్లు, జెనరేటర్, కట్టెలు వేలాడదీసే అలవాటు మానుకోండి.

తలుపులకి గొళ్లేలు సరిగ్గా పడుతున్నాయో చూడండి. గాజు సీసాలు వద్దు. మొదటి ట్రిప్పులో పై అరలో పెట్టిన ఆవకాయ సీసా విలియం క్రీక్ చేరేసరికి పరుపు మీద ఉంది. సీసా సగం, ఆవకాయ మొత్తం. ఆ దుప్పటి మళ్లీ తెల్లబడలేదు. ఇప్పుడు పచ్చళ్లన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లో, రెండేసి కవర్లలో, సింక్ తొట్టిలోనే ప్రయాణం చేస్తాయి.

దోసెల పిండి తీసుకెళ్లేవాళ్లకి ఒక మాట: కుదుపుకీ, వేడికీ అది పొంగి మూత ఎగరగొడుతుంది. డబ్బా సగమే నింపండి.

5. హిచ్, గొలుసులు, బ్రేకులు

మామూలు 50 మిల్లీమీటర్ల బాల్ తారు రోడ్డుకి బాగానే ఉంటుంది. వాగుల్లో దిగి ఎక్కే దారికి అన్ని వైపులా తిరిగే ఆఫ్‌రోడ్ కప్లింగ్ కావాలి. డీఓ35 రకం ఎక్కువమంది వాడతారు.

బరువు పంచే స్ప్రింగ్ బార్లు వాడుతుంటే, మట్టి రోడ్డు మొదలవగానే తీసేయండి. గోతిలో కారు దిగి కారవాన్ ఇంకా పైనే ఉన్నప్పుడు ఆ బార్లు రెండింటి ఛాసిస్‌నీ వంచేంత ఒత్తిడి పెడతాయి.

2,000 కిలోలు పైబడిన కారవాన్‌కి అన్ని చక్రాలకీ బ్రేకులు, కారు నుంచి విడిపోతే తమంతట తామే పట్టుకునే బ్రేక్‌అవే వ్యవస్థ చట్టం ప్రకారం తప్పనిసరి. 2,500 దాటితే రెండు గొలుసులు ఉండాలి. వాటిని కప్లింగ్ కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వచ్చేలా తగిలించండి.

కారులో ఉండే బ్రేక్ కంట్రోలర్‌ని రోడ్డును బట్టి మార్చాలి. చదునైన మట్టి మీద 25, 30 కిలోమీటర్ల వేగంలో కంట్రోలర్ మీటతో కారవాన్ బ్రేకులు మాత్రమే వేసి చూడండి. వెనక నుంచి పట్టినట్టు తెలియాలి, చక్రాలు మాత్రం జారకూడదు. తారు మీద పెట్టిన సెట్టింగ్ మట్టి మీద ఎక్కువవుతుంది. తగ్గించండి.

వీల్ బేరింగులు బయల్దేరే ముందే గ్రీజు పెట్టించుకోండి. ఒక సెట్టు బేరింగులు, సీలు, గ్రీజు డబ్బా వెంట ఉంచుకోండి. సర్వీసింగ్ చేయించి వచ్చాక నట్లు మీరే మళ్లీ బిగించండి. ఒకసారి నేను వర్క్‌షాప్ నుంచి తెచ్చిన మర్నాడు 60 కిలోమీటర్ల దగ్గర ఆగి చూస్తే రెండు నట్లు వేళ్లతో తిరిగాయి.

6. టైర్లు, గాలి

టైర్లు లైట్ ట్రక్ రకానివి అయి ఉండాలి. రెండు స్పేర్లు ఉంటే మంచిది. కారుకీ కారవాన్‌కీ ఒకే సైజు, ఒకే నట్ల అమరిక ఉంటే స్పేర్లు అటూ ఇటూ పనికొస్తాయి. కొత్తగా కారవాన్ కొనేటప్పుడే ఇది అడగండి, తర్వాత మార్చడం ఖర్చు.

గాలి ఎందుకు తగ్గించాలి? గట్టిగా ఉన్న టైరు మొనదేలిన రాయిని ఢీకొంటుంది. కొంచెం మెత్తగా ఉన్నది దాని మీద సర్దుకుంటుంది. కుదుపులో కొంత టైరే మింగేస్తుంది, షాక్ అబ్జార్బర్లకి అంత పని తగ్గుతుంది.

ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు మాత్రమే. మీ టైరు, మీ బరువును బట్టి మారతాయి.

- తారు రోడ్డు: బండికి అంటించిన టైరు ప్లకార్డు, బరువును బట్టి; చాలామందికి 38 నుంచి 45 పీఎస్ఐ మధ్య
- మంచి గ్రావెల్: అందులో 20, 25 శాతం తగ్గించి, గరిష్ఠంగా 80 కిలోమీటర్ల వేగం
- రేకు లాంటి గతుకులు (ముడతల రేకులా రోడ్డుకి అడ్డంగా పడ్డ అలలు): 30, 35 శాతం తగ్గించి, 60 దగ్గర
- మెత్తటి ఇసుక: 16 నుంచి 18 పీఎస్ఐ, 40 లోపు

గాలి తగ్గించి వేగం తగ్గించకపోతే టైరు పక్కగోడ వేడెక్కి చిరిగిపోతుంది. మారుమూల పగిలే టైర్లలో రాయి కంటే ఈ వేడికి పోయేవే ఎక్కువని నా అనుభవం.

సరిపోయిందో లేదో తెలుసుకునే సులువైన పరీక్ష ఒకటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ రాసుకోండి. గంట నడిపాక మళ్లీ చూడండి. 4 నుంచి 6 పీఎస్ఐ పెరిగితే సరిపోయినట్టు. అంతకంటే బాగా పెరిగితే గాలి తక్కువైంది, లేదా వేగం ఎక్కువైంది. దాదాపు పెరగనే లేదంటే టైరు ఇంకా గట్టిగా ఉంది.

వేడెక్కిన టైరు లోంచి 'ప్రెషర్ పెరిగింది కదా' అని గాలి తీసేయకండి. చాలామంది చేసే తప్పు ఇదే. చల్లబడ్డాక అది మరీ తక్కువవుతుంది.

మంచి కంప్రెసర్, రెండు గేజ్‌లు, పంక్చర్ ప్లగ్గుల కిట్ తప్పనిసరి. కారవాన్ టైరు పంక్చర్ అయినా డ్రైవింగ్ సీట్లో మీకు తెలియదు, కిలోమీటర్ల పాటు ఈడ్చుకుపోతారు. అందుకే టైరు ప్రెషర్ సెన్సర్లు పెట్టించండి. ఈ మొత్తం సరంజామాలో డబ్బుకి తగ్గ విలువ ఇచ్చేది ఇదేనంటాను.

7. దుమ్ము, రాళ్లు

అక్కడి దుమ్ము టాల్కం పౌడర్ అంత సన్నగా ఉంటుంది. పైకప్పు మీద గాలిని లోపలికి తోసే వెంట్ ఉంటే ప్రయాణంలో తెరవండి. లోపల గాలి ఒత్తిడి పెరిగి దుమ్ము సందుల్లోంచి చొరబడదు. ఫ్రిజ్ వెంట్లు, తలుపు కింది సందులు టేపుతో మూయండి. గ్యాస్ బయటికి పోయే శాశ్వత వెంట్లు మాత్రం మూసినవి మూసినట్టే ఉంచి పడుకోకండి. ఆగగానే టేపు పీకేయండి. దారిలో గ్యాస్ సిలిండర్ల వాల్వులు మూసే ఉండాలి.

రాళ్ల సంగతి వేరు. కారు వెనక చక్రం విసిరిన రాయి కారవాన్ ముందు భాగానికి తగిలి, తిరిగొచ్చి మీ కారు వెనక అద్దాన్నే పగలగొడుతుంది. మాది అలాగే పోయింది. చప్పుడు విని ఎవరో కాల్చారనుకున్నాం. కారవాన్ ముందు గుడ్డ లాంటి స్టోన్‌గార్డ్ కట్టించండి, రాయి అక్కడే పడిపోతుంది. వెనక అద్దానికి బయటి వైపు అట్ట అంటించడం చూడ్డానికి బాగోదు, పని మాత్రం చేస్తుంది.

కింద వేలాడే నీళ్ల పైపులు, వైర్లు, ట్యాంకు కుళాయిలకి రబ్బరు గొట్టం తొడగండి.

8. నీళ్లు, డీజిల్, తిండి

నీళ్లు మనిషికి రోజుకి తాగడానికే 5 లీటర్లు, వంటా మిగతా అవసరాలతో 10. దీనికి కనీసం మూడు రోజుల అదనం. రెండు ట్యాంకులుంటే మధ్య కుళాయి మూసి ఉంచండి, ఒకటి రాయి తగిలి కారినా రెండోది మిగులుతుంది. 20 లీటర్ల క్యాన్ ఒకటి కారులోనే ఉండాలి, కారవాన్ వదిలి వెళ్లాల్సి వస్తే పనికొస్తుంది.

కారవాన్ తగిలిస్తే 100 కిలోమీటర్లకి 18 నుంచి 25 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఎదురుగాలి, ఇసుక ఉంటే ఇంకా ఎక్కువ. మరీ నుంచి మార్లా దాకా 150 లీటర్లు లెక్కేసుకోండి. సగం ట్యాంకు ఉన్నా సరే, కనిపించిన ప్రతి రోడ్‌హౌస్‌లో (దారి పక్క బంకు, హోటల్ కలిసిన చోటు) నింపండి. ధర చూసి 'ముందు ఊళ్లో చౌకేమో' అనుకోవద్దు. అక్కడ పంపు పనిచేయకపోవచ్చు. డీజిల్ క్యాన్లు కారు లోపలా, కారవాన్ లోపలా పెట్టకండి.

తాజా పళ్లు, కూరగాయలు చాలావాటిని రాష్ట్రాల సరిహద్దులు దాటించనివ్వరు. మెల్‌బోర్న్ నుంచి బయల్దేరేవాళ్లు సౌత్ ఆస్ట్రేలియాలోకి వచ్చేముందే నియమాలు చూసుకోండి. వెస్టర్న్ ఆస్ట్రేలియాలోకి తేనె కూడా కుదరదు. కూరగాయలు సౌత్ ఆస్ట్రేలియాలోకి వచ్చాక, దారిలోని పోర్ట్ అగస్టాలో కొనుక్కుంటే సరి. మొదటి రోజు మధ్యాహ్నానికి పులిహోర, ఆపైన పప్పు, చారు. ప్రెషర్ కుక్కర్ వల్ల గ్యాస్ బాగా మిగులుతుంది.

9. మాట అందే ఏర్పాటు

ఊళ్లు దాటితే ఫోన్ సిగ్నల్ ఉండదు. కింది మూడూ ఉండాలి.

- యూహెచ్ఎఫ్ రేడియో: లారీలతో, మిగతా వాహనాలతో మాట్లాడటానికి 40వ ఛానల్; కారవాన్ల వాళ్లు ఎక్కువగా 18 వాడతారు; 5వ ఛానల్ అత్యవసరానికి మాత్రమే
- శాటిలైట్ ఫోన్ లేదా శాటిలైట్ మెసేజ్ పరికరం
- 406 మెగాహెర్ట్జ్ పర్సనల్ బీకన్ (ప్రాణాపాయంలో నొక్కితే ఉపగ్రహం ద్వారా సాయం కోరే పరికరం): ఆస్ట్రేలియా మారిటైమ్ సేఫ్టీ అథారిటీ దగ్గర రిజిస్టర్ చేయించండి, ఉచితం

ఏ రోజు ఎక్కడుంటారో, ఎప్పటికి ఫోన్ చేస్తారో ఇంట్లో ఒకరికి రాసివ్వండి. ఆ టైముకి ఫోన్ రాకపోతే వాళ్లు ఏం చేయాలో కూడా అందులోనే ఉండాలి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నల కంటే ఇక్కడే ఉన్న స్నేహితుడైతే నయం. టెన్షన్ పడకుండా పోలీసులకి ఫోన్ చేయగలడు.

10. బయల్దేరే పొద్దున

ఇద్దరుంటే ఒకరు చదవాలి, ఒకరు చేయాలి. మధ్యలో ఎవరైనా పలకరించి మాటల్లో పెడితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. మెట్టు మడవడం మర్చిపోయేది అలాంటప్పుడే.

- గ్యాస్ కట్టేశారా
- కిటికీలు, పై హ్యాచ్‌లు మూశారా
- అరలు, ఫ్రిజ్ గొళ్లేలు పడ్డాయా
- మెట్టు, గుడారం పందిరి, టీవీ యాంటెన్నా మడిచారా
- కప్లింగ్ పడిందా, లాక్ పిన్ పెట్టారా
- గొలుసులు, బ్రేక్‌అవే తీగ తగిలించారా
- లైట్ల ప్లగ్గు, బ్యాటరీ ప్లగ్గు పెట్టారా, లైట్లు వెలుగుతున్నాయా
- జాకీ చక్రం, మూల కాళ్లు ఎత్తేశారా
- చక్రాల కింది అడ్డు దిమ్మలు తీశారా
- చల్లటి టైరు ప్రెషర్ రాసుకున్నారా
- నట్లు బిగించి చూశారా
- నడుస్తూ ఒక చుట్టు తిరిగి కింద చూశారా: కారుతున్న నీళ్లు, వేలాడే వైరు

11. రోడ్డు మీద

రేకు గతుకుల గురించి ఒక ప్రచారం ఉంది: 80, 90 వేగంలో వెళ్తే చక్రాలు అలల నెత్తి మీదే తేలిపోతాయి, కుదుపు ఉండదు అని. కుదుపు తగ్గే మాట నిజమే. అంటే చక్రం సగం సేపు నేలను తాకడం లేదన్నమాట. బ్రేకుకీ, మలుపుకీ పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? వెనక మూడు టన్నులు పెట్టుకుని ఆ పని చేయొద్దు. గాలి తగ్గించండి, 60 దగ్గర నడపండి.

గంటకోసారి ఆగండి. షాక్ అబ్జార్బర్లు చల్లబడతాయి, మీరు టీ తాగుతారు. ప్రతి హబ్ దగ్గరికీ చెయ్యి పెట్టి చూడండి. అన్నీ ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒకటి మాత్రం కాలిపోతుంటే బ్రేకు పట్టేసింది, లేదా బేరింగు పోతోంది. అక్కడే చూసుకోండి.

రోడ్‌ట్రెయిన్లు (వరసగా ట్రెయిలర్లు లాగే భారీ లారీలు) 53.5 మీటర్ల పొడవు దాకా ఉంటాయి. ఎదురొస్తే వేగం బాగా తగ్గించి ఎడమకి జరగండి, దుమ్ములో ఏమీ కనపడకపోతే ఆగిపోండి. వెనక నుంచి వస్తే రేడియోలో పలకరించి, చోటు చూసుకుని పక్కకి తప్పుకోండి. దాన్ని దాటాలంటే డ్రైవర్ 'రా' అనేదాకా ఆగండి. దుమ్ములో ఊహించి దాటినవాడికి ఎదుటివాడు కనిపించేది ఆఖరి క్షణంలోనే.

కంగారూలు, ఈములు, పశువులు తెల్లవారుజామునా, పొద్దుగూకాకా రోడ్డెక్కుతాయి. సాయంత్రం నాలుగుకల్లా ఆగిపోవడం మా అలవాటు. ఏదైనా అడ్డొస్తే స్టీరింగ్ తిప్పకుండా నేరుగా బ్రేకు వేయండి.

కారవాన్ తోక ఊపితే కారు బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, కంట్రోలర్ మీటతో కారవాన్ బ్రేకులు మాత్రమే వేయండి. ఆ మీట ఎక్కడుందో చీకట్లో కూడా తడిమి పట్టుకునేలా ఇంటి దగ్గరే సాధన చేయండి.

నీళ్లున్న వాగు దాటాల్సి వస్తే ముందు నడిచి చూడండి, లోతు, అడుగున రాళ్లు తెలుస్తాయి. ప్రవాహం ఉంటే దాటొద్దు, ఆగండి. ఉత్తరాదిన, గిబ్ రివర్ మీది పెంటకాస్ట్ లాంటి చోట నడిచి చూడటం అసలు వద్దు. ఉప్పునీటి మొసళ్లుంటాయి.

12. ఇరుక్కుంటే

1. చక్రం గిరగిరా తిరుగుతోందంటే ఆపేయండి. ఇంకొంచెం తొక్కితే యాక్సిల్ దాకా దిగుతుంది.
2. గాలి ఇంకా తగ్గించండి, కారవాన్‌కి కూడా. చాలాసార్లు ఇక్కడితోనే అయిపోతుంది.
3. పారతో చక్రాల ముందు, కారవాన్ యాక్సిల్ కింద తవ్వండి. రికవరీ ట్రాక్‌లు (చక్రానికి పట్టు ఇచ్చే పలకలు) పెట్టండి.
4. ఫోర్ బై ఫోర్ లో రేంజ్‌లో (తక్కువ వేగం, ఎక్కువ లాగుడు ఇచ్చే గేరు) మెల్లగా కదపండి.
5. కదలకపోతే కారవాన్ విడదీసి, ముందు కారు గట్టి నేల మీదికి తీసుకెళ్లండి. తర్వాత తాడుతోనో వించ్‌తోనో కారవాన్ లాగండి.

తాడు ఎప్పుడూ టో బాల్‌కి తగిలించకూడదు. విరిగితే ఆ ఇనుప గుండు తుపాకీ గుండే. దానివల్ల మనుషులు చనిపోయారు. బరువు రాసి ఉన్న రికవరీ పాయింట్లకే తగిలించండి, మిగతావాళ్లని తాడు పొడవుకి కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబెట్టండి.

బండి పూర్తిగా ఆగిపోతే దాన్ని వదిలి నడవకండి. ఆకాశం నుంచి వెతికేవాళ్లకి కారవాన్ కనిపించినంత తేలిగ్గా మనిషి కనిపించడు. నీడ, నీళ్లు అక్కడే ఉన్నాయి. ప్రాణం మీదికొస్తే బీకన్ నొక్కండి.

13. క్యాంపులో వెనక్కి పెట్టడం

స్టీరింగ్ అడుగు భాగాన చెయ్యి పెట్టి పట్టుకోండి. చెయ్యి ఎటు కదిపితే కారవాన్ వెనక భాగం అటు వెళుతుంది. కొంచెం కొంచెంగా తిప్పండి. వంకర పోతే ముందుకి లాగి మళ్లీ మొదలుపెట్టండి, అందులో నామోషీ ఏమీ లేదు. చేతి రేడియోలు రెండు కొనండి. మా ఆవిడ వెనక నిలబడి "రా, రా... ఆగు!" అని అరిచే రోజుల్లో మేం క్యాంపులో అందరికీ వినోదం.

14. తారు ఎక్కాక

మార్లాలో స్టువర్ట్ హైవే ఎక్కే ముందు గాలి తిరిగి నింపండి. బ్రేక్ కంట్రోలర్ పెంచండి, నట్లు బిగించండి.

ఇంటికొచ్చాక కింది భాగం నీళ్లతో బాగా కడిగి, ఎండాక టార్చి వేసి చూడండి. ఛాసిస్ వెల్డింగ్‌ల దగ్గర సన్నటి తుప్పు గీత కనిపిస్తే అది బీట కావచ్చు. కమాన్ల బోల్టులు, షాక్ అబ్జార్బర్ల నూనె మరకలు, బ్రేకు వైర్లు చూడండి. ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ మార్చండి. బేరింగులు విప్పి దుమ్ము చేరిందేమో చూసి, గ్రీజు మళ్లీ పెట్టించండి.

లోపల ఎంత తుడిచినా నెలల తరబడి ఎక్కడో ఒకచోట ఆ మట్టి బయటపడుతూనే ఉంటుంది. పోపుల పెట్టె అడుగున ఎర్రటి పొడి కనిపిస్తే, కారం అనుకుని కూరలో వేసేయకండి.